దేనికి డెడికేటెడ్?

మొన్న మాఘమాసంలో ఒక సాయంకాలం మా వీధి అరుగుమీద కూర్చుని పత్రిక తిరగేస్తున్నాను. గోదావరి మీదనుంచి చల్లగాలి వీస్తున్నది. మా ఆవిడ లోపల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. ఇంతలో గేటు చప్పుడయింది.

"తాతగారండీ! ఖాళీగా వున్నారాండీ?"

వచ్చినది మా వీధి చివర వుండే అమ్మాయి. వాళ్ల నాన్న కోటిపల్లి బస్టాండు దగ్గర తోపుడు బండిమీద పళ్లు అమ్ముతాడు. అప్పుచేసి పిల్లను నర్సింగు చదివించాడు. పిల్ల పాసయింది కూడాను. పదకొండు నెలలుగా ఊళ్లోనే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తున్నది. జీతం అప్పు వడ్డీకి సరిపోతుంది, అసలు మాత్రం అలాగే వుండిపోతుంది.

"కూర్చో అమ్మా. ఏమిటి సంగతి?"

సంగతి ఏమిటంటే హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు ఈ పిల్లను ఫోనులో ఇంటర్వ్యూ చేశారు. దరఖాస్తు ముందుగానే పంపింది. అందులో మొట్టమొదటి వాక్యం ఇది: "ఐ యామ్ వెరీ డెడికేటివ్ పర్సన్ అండ్ ఐ యామ్ డెడికేటెడ్ టు సర్వ్ ది పేషెంట్స్ సిన్సియర్లీ."

ఆ వాక్యం చదివిన పెద్దమనిషి ఫోనులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడుట. "డెడికేటెడ్ టు వాట్?" దేనికి డెడికేటెడ్? అని.

"నాకు నోట మాట రాలేదండి. వెటకారం చేస్తున్నారనుకున్నానండి. తరవాత ఏమడిగారో, నేనేం చెప్పానో కూడా గుర్తులేదండి. సెలక్టు కాలేదని మూడోరోజున మెసేజీ వచ్చిందండి."

కళ్లు చెమ్మగిల్లాయి పిల్లకి. సోమవారంనాడు విశాఖపట్నంలో మరో ఆసుపత్రివాళ్ల ఇంటర్వ్యూ వున్నది. దరఖాస్తు దిద్దిపెట్టమని వచ్చింది. అప్పటికి గురువారం.

నేను ముప్ఫయి యేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడిని. ఎర్రసిరా కలం ఎత్తితే ఆ వాక్యంలో నాలుగుచోట్ల గీత పెట్టగలను. కాని ఆ నాలుగు గీతలవల్ల ఈ అమ్మాయికి ఉద్యోగం రాదు. ఆ పెద్దమనిషి అడిగింది వెటకారం కాదు. అది ఆ మాటలోనే దాగివున్న ప్రశ్న. డెడికేటెడ్ అనే మాట వాడిన ప్రతివాడూ దానికి జవాబు చెప్పుకోవలసిందే.

మూడు సాయంకాలాలు మేమిద్దరం ఆ ఒక్క మాట పట్టుకు కూర్చున్నాము. ఇలాటి దరఖాస్తులు రాసుకునే పిల్లలు ప్రతి ఇంటా వున్నారు కనుక అప్పుడు మాట్లాడుకున్నదంతా పాఠకులకు కూడా మనవి చేస్తున్నాను.

ముందు డెడికేటివ్ సంగతి. ఈ మాట మన కోస్తా జిల్లాల్లో ఎలా పుట్టిందో కాని బాగా బలిసింది. "వాడు చాలా డెడికేటివ్ అండీ" అని పెళ్లి సంబంధాల దగ్గర కూడా చెబుతున్నారు. ఆక్టివ్, అట్రాక్టివ్, సెన్సిటివ్ అని వున్నాయి గదా, అదే వరసలో ఇదీ వుంటుందని మనవాళ్ల ఊహ. పెద్ద పెద్ద నిఘంటువుల్లో వెతికితే ఎక్కడో ఒక మూల ఆ మాట కనిపిస్తుంది. అయితే దానికి అర్థం అంకితానికి సంబంధించినది అని, మనిషికి చెల్లదు. మనిషికి చెల్లేది డెడికేటెడ్. పలికేటప్పుడు మొదటి అక్షరం డె మీద ఊనిక వుండాలి. అదే నామవాచకంగా డెడికేషన్ అన్నప్పుడు ఊనిక కే మీదికి జరుగుతుంది.

"మరి 'హీ ఈజ్ వెరీ డెడికేషన్' అని మా సిస్టరుగారు అంటారండి."

"ఆవిడ పనిమంతురాలే అయివుంటుంది కాని ఆ వాక్యం మాత్రం తప్పమ్మా. 'అతను చాలా శ్రద్ధ' అన్నట్టుంటుంది. 'అతనికి శ్రద్ధ వుంది' అనాలి, లేదా 'అతను శ్రద్ధగలవాడు' అనాలి. ఇంగ్లీషులోనూ అంతే. 'హీ హాజ్ డెడికేషన్', లేదా 'హీ ఈజ్ డెడికేటెడ్'."

ఇక రెండోది అసలైన చిక్కు. డెడికేటెడ్ టు సర్వ్ అన్నదే, ఆ టు దగ్గర కాలు జారింది. ఈ పొరపాటు ఎందుకు వస్తుందో ఆలోచించాను. మనం లోపల తెలుగులో అనుకుంటాం: "రోగులకు సేవ చేయడానికి నేను అంకితం." చేయడానికి అంటే టు డూ అని చిన్నప్పుడు క్లాసులో వల్లెవేయించారు కదా. అందుచేత టు సర్వ్ అని కలం దానంతటదే పరుగెత్తుతుంది. కాని నిజంగా తెలుగులో అలా అంటామా? "సేవకు అంకితమయ్యాడు" అంటాం. "చదువుకు అంకితం", "సంగీతానికి అంకితం" అంటాం. అంకితం ముందు ఎప్పుడూ ఒక నామవాచకం, దాని వెనక కు గాని కి గాని వుంటుంది. డెడికేటెడ్ టు లోని టు ఆ కు అన్నమాట. చేయడానికి లోని టు కాదు. కనుక దాని తరవాత నామవాచకమే రావాలి. క్రియ వస్తే దానికి ఇంగ్ తగిలించి నామవాచకం వేషం వేయించాలి. డెడికేటెడ్ టు సర్వింగ్.

దీనికి ఉదాహరణగా నాకు ఎప్పుడూ డొక్కా సీతమ్మగారే గుర్తుకొస్తారు. మన గోదావరి జిల్లాల్లో ఆమె పేరు తెలియని ఇల్లు వుండదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా ఆకలని వచ్చినవాడికి వేళ చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి. ఏరు దాటి వచ్చే బాటసారికి ఆ ఇల్లు సత్రం. ఆమెను గురించి ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయమంటే ఇలా రాయవచ్చు: "సీతమ్మ వాజ్ డెడికేటెడ్ టు ఫీడింగ్ ది హంగ్రీ." ఫీడ్ అంటే కుదరదు. ఫీడింగ్ అనాలి. అన్నదానానికి అంకితం.

ఈ వాక్యం చెప్పగానే పిల్ల మొహం విప్పారింది. "అన్నదానానికి! అన్నం పెట్టడానికి కాదన్నమాటండి!" అన్నది. ముప్ఫయి యేళ్ల సర్వీసులో నేను చెప్పిన వ్యాకరణ సూత్రం ఇంత త్వరగా ఒంటబట్టించుకున్న విద్యార్థులు ఎక్కువమంది లేరు.

అంకితం అంటే మరో విషయం జ్ఞాపకం వచ్చింది. మన రాజమహేంద్రవరానికి ఆ మాటతో వేయేళ్ల నాటి చుట్టరికం వున్నది. రాజరాజనరేంద్రుడు కోరితే నన్నయభట్టు భారతం తెలుగు చేయడానికి పూనుకున్నది ఈ ఊళ్లోనే, పదకొండో శతాబ్దంలో. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు కాశీఖండాన్ని అంకితమిచ్చిన వీరభద్రారెడ్డి ఏలింది కూడా ఈ ఊరినే. కావ్యానికి కృతికన్య అని పేరు. పుచ్చుకున్న ప్రభువు అల్లుడి లెక్క. పోతన మాత్రం తన భాగవతాన్ని రాజులకు ఇవ్వనని రాముడికే సమర్పించుకున్నాడు. అంకము అంటే గుర్తు, ముద్ర. అంకితము అంటే ముద్ర పడినది. ఇక ఇది మరొకరిది కాదు అని ముద్ర వేయడం అన్నమాట.

ఇంగ్లీషు మాట కథ కూడా ఇంచుమించు ఇదే. లాటిన్ భాషలో ప్రకటించడం, దేవుడిదని చాటి ఇచ్చివేయడం అనే అర్థంలోంచి వచ్చింది. మొదట గుళ్లూ గోపురాలూ చర్చీలూ డెడికేట్ చేసేవారు. తరవాత పుస్తకాలు. మనిషికి విశేషణంగా విరివిగా వాడడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. అందుకే ఆ మాటలో ఇప్పటికీ ఇచ్చివేత వాసన వుంటుంది. ఇచ్చివేత అన్నాక పుచ్చుకునేవాడొకడు వుండాలి కదా! నన్నయ భారతానికి రాజరాజనరేంద్రుడున్నట్టు, పోతన భాగవతానికి రాముడున్నట్టు. ఉత్తినే డెడికేటెడ్ అని ఊరుకుంటే ఎలా? కన్యాదానం చేశానని చెప్పి అల్లుడి పేరు చెప్పకపోతే వినేవాడు అడగడా?

"అయితే డెడికేటెడ్ నర్స్ అనకూడదాండీ? అక్కడ టు లేదు కదాండి."

మంచి ప్రశ్న. సమాధానం నేను రాత్రి పడుకుని ఆలోచించి మర్నాడు చెప్పాను. డెడికేటెడ్ నర్స్ అనవచ్చు, నిక్షేపంగా అనవచ్చు. ఎందుకంటే నర్స్ అన్న మాటే దేనికి అన్న ప్రశ్నకు సమాధానం చెబుతున్నది. నర్సు పనికి అంకితమైనది. డెడికేటెడ్ టీచర్ అంటే పాఠం చెప్పడానికి. డెడికేటెడ్ ఫార్మర్ అంటే సేద్యానికి. కాని డెడికేటెడ్ పర్సన్ అంటే? పర్సన్ అంటే ఉత్త మనిషి. మనిషితనానికి అంకితమా? అందుకే ఆ రెండు మాటలూ పక్కపక్కన వుంటే డొల్లగా మోగుతాయి. దరఖాస్తులు చదివే మనిషి రోజుకు నలభైసార్లు ఆ డొల్ల చప్పుడు వింటాడు. పాపం, ఆయనకీ విసుగే. ఇంకొకటి, పర్సన్ ముందు ఎ అనే చిన్న అక్షరం కూడా ఎగిరిపోయింది. అది మన తెలుగువాళ్లందరికీ వున్న జబ్బే. "ఎ డెడికేటెడ్ నర్స్" అనాలి.

వాక్యం చివర సిన్సియర్లీ వున్నది, చూశారా! ఈ సిన్సియర్ ఒక తమాషా మాట. "మావాడు సిన్సియర్‌గా చదువుతున్నాడండీ", "సిన్సియర్ ఎంప్లాయీ" అని మనం అంటాం. మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. శ్రద్ధగా, ఒళ్లు దాచుకోకుండా అని మన భావం. కాని ఇంగ్లండులో పుట్టి పెరిగినవాడికి సిన్సియర్ అంటే మనసులో ఒకటి, మాటలో ఒకటి లేనివాడు అని అర్థం. సిన్సియర్ అపాలజీ అంటే నిజంగా మనసులోంచి వచ్చిన క్షమాపణ. ఆ లెక్కన రోగికి సిన్సియర్లీగా సేవ చేస్తానంటే నటించకుండా సేవ చేస్తాను అని అర్థం వస్తుంది. తక్కినవాళ్లు నటిస్తున్నారా అని సందేహం రాదూ? మన సిన్సియర్‌కి వాళ్ల దగ్గర సరిపోయే మాటలు హార్డ్ వర్కింగ్, డిలిజెంట్, సందర్భాన్నిబట్టి డెడికేటెడ్. ఇక డెడికేటెడ్లీ అని కూడా కొందరు రాస్తారు. తప్పని కొట్టెయ్యలేను కాని నాలుక తిరగని మాట. "షీ వర్క్స్ విత్ డెడికేషన్" అంటే హాయిగా వుంటుంది.

రెండోనాడు డెడికేటెడ్ తోబుట్టువుల జోలికి పోయాము. డివోటెడ్, కమిటెడ్, అడిక్టెడ్. నలుగురికీ వెనకాల అదే టు. నలుగురివీ నాలుగు స్వభావాలు.

డివోటెడ్‌లో మొక్కు వున్నది, ప్రేమ వున్నది. అందుకే అది మనుషులమీదికి ఎక్కువగా పోతుంది. డివోటెడ్ మదర్, డివోటెడ్ హస్బెండ్. డెడికేటెడ్ హస్బెండ్ అంటే మొగుడుగా వుండడం ఒక ఉద్యోగంలాగ చేస్తున్నాడేమో అనిపిస్తుంది. (లోపలినుంచి మా ఆవిడ "అలా చేసినా బాగానే వుండును" అన్నది.)

ఈ రెండింటికీ తేడా చూపించడానికి మా ఊరి దంపతులనే చెప్పుకుంటే సరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో ఇక్కడే పుట్టారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు, అదే యేడు వివేకవర్ధని పత్రిక పెట్టారు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం చేయించారు. "హీ వాజ్ డెడికేటెడ్ టు సోషల్ రిఫార్మ్" అంటే ఎవరూ కాదనరు. ఇక ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆమెను గురించి రాసేవాళ్లంతా డివోటెడ్ వైఫ్ అని రాసి ఊరుకుంటారు. నాకది చాలదనిపిస్తుంది. ఆ పెళ్లిళ్ల రోజుల్లో ఊరు వెలివేసినంత పని చేస్తే, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రావడం మానేస్తే, ఆమె స్వయంగా గోదావరినుంచి నీళ్లు మోసి, వచ్చినవాళ్లందరికీ వండిపెట్టింది. అది ఒక్క భర్తమీది ప్రేమేనా? బిందె మోసే భుజానికి సంస్కరణ అనే పెద్ద మాట తెలియకపోవచ్చుననుకునేవాళ్లు వుంటారు. నేను ఒప్పుకోను. "షీ వాజ్ డివోటెడ్ టు హర్ హస్బెండ్ అండ్ డెడికేటెడ్ టు హిజ్ కాజ్" అని రెండూ రాయాలి. అసలు హిజ్ కూడా కొట్టేసి దేర్ అని రాయాలి.

కమిటెడ్ జోలికి పోయేటప్పుడు ఈ కాలం పిల్లలు జాగ్రత్తగా వుండాలి. మాట ఇచ్చి కట్టుబడ్డవాడు కమిటెడ్. "ది హాస్పిటల్ ఈజ్ కమిటెడ్ టు పేషెంట్ సేఫ్టీ" అంటే చక్కగా వుంటుంది. సంస్థలకూ ప్రభుత్వాలకూ అతికినట్టు సరిపోతుంది. కాని టు లేకుండా "ఐ యామ్ కమిటెడ్" అని ఊరుకుంటే నేటి కాలేజీ భాషలో మనసు ఎక్కడో ఇచ్చేశాను అని అర్థంట. ఈ సంగతి నాకు ఆ పిల్లే సిగ్గుపడుతూ చెప్పింది. ఇంటర్వ్యూలో ఆ మాట అనకు తల్లీ అన్నాను.

ఇక అడిక్టెడ్. డెడికేట్‌లోనూ అడిక్ట్‌లోనూ నడుమ వున్న డిక్ అన్న ముక్క ఒక్క వేరునుంచి పుట్టినదే. లాటిన్‌లో చెప్పడం, చాటడం అని దాని భావం. రోమునగరంలో అప్పు తీర్చలేనివాణ్ణి న్యాయాధికారి ఫలానా ఋణదాతకు చెందినవాడివి అని చాటి అప్పగించేవాడు. ఆ అప్పగింత పడ్డవాడు అడిక్టస్. వెనకటి ఇంగ్లీషులో ఈ మాటకు ఇంత చెడ్డపేరు లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో భక్తుల సేవకు పూనుకున్న ఒక కుటుంబం గురించి చెప్పేచోట ఈ మాటే వాడారు. అదే చోట తరవాతి అనువాదాల్లో డివోటెడ్ అని మార్చారు. ఇప్పుడు అడిక్టెడ్ అంటే వ్యసనమే. సినిమాకు డెడికేటెడ్ అయితే ఎల్.వి. ప్రసాద్, సినిమాకు అడిక్టెడ్ అయితే మా మేనల్లుడు.

అప్పు తీర్చలేనివాణ్ణి అప్పగించే సంగతి చెప్పినప్పుడు పిల్ల ఎందుకో ఒక్క నిమిషం మాట్లాడలేదు. నేను కూడా వెంటనే మరో మాటలోకి దిగిపోయాను.

ఆ మరో మాట ఏమిటంటే మన ఊరి వంతెనలు. డెడికేటెడ్ అనే మాటను ఇప్పుడు మనుషులకన్న వస్తువులకే ఎక్కువగా వాడుతున్నారు. ఒకే పనికి కేటాయించినది, మరి దేనికీ వాడనిది అని అర్థం. ఈ అర్థం పట్టుబడాలంటే పుష్కరఘాట్‌లో నిలబడి చూస్తే చాలు. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన రైళ్లకోసమే కట్టినది. 56 స్పానులు. 1997 దాకా దానిమీద రైళ్లు నడిచాయి. "ఇట్ వాజ్ ఎ డెడికేటెడ్ రైల్వే బ్రిడ్జ్" అనవచ్చు. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన సంగతి వేరు. కింద రైలు, పైన బస్సు, లారీ, కొవ్వూరు పెళ్లివారి వ్యాను. దాన్ని డెడికేటెడ్ అనడానికి వీల్లేదు. దాని పక్కన 1997లో వాడుకలోకి వచ్చిన విల్లువంపుల వంతెన మళ్లీ రైళ్లదే. సరుకు రైళ్లకోసం ఉత్తరాదిన డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్ వేశారని పేపర్లలో చదువుతుంటాం. అదీ ఇదే అర్థం. ఈ అర్థంలో టు అక్కరలేదు, ఫర్ కూడా రావచ్చు. పొగడ్త ఏమీ లేదు. వంతెనను ఎవరు పొగుడుతారు?

కాలవలు కూడా చెప్పుకోవచ్చు. కాటన్ దొర తవ్వించిన గోదావరి కాలవలు సేద్యానికి మాత్రమే డెడికేటెడ్ కావు. వాటిలో పడవలూ నడిచేవి, లాకులు కట్టింది అందుకే. కాని కాటన్ మాత్రం నీటికి డెడికేటెడ్. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించి, నడుమ జబ్బుపడి సెలవుమీద వెళ్లి కూడా, 1852కి పూర్తిచేయించాడు. అంతకుముందు కరువులతో, తుపానులతో చితికిపోయిన ప్రాంతం అన్నపూర్ణ అయింది. ఆ తరవాత ముసలితనంలో ఇంగ్లండు వెళ్లిపోయాక కూడా రైళ్లకన్న కాలవలే ఇండియాకు మేలు అని వాదిస్తూనే వున్నాడు. 1878లో పార్లమెంటువారి కమిటీ ఎదట కూడా ఆయన అదే పట్టు. ఎదటిపక్షంవాళ్లు మొండి అన్నారు. మనవాళ్లు దొరవారు అని దండం పెట్టారు. ఒకే గుణానికి ఇష్టమున్నవాళ్లు డెడికేటెడ్ అనీ, కిట్టనివాళ్లు ఆబ్స్టినేట్ అనీ అంటారు. ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ సూత్రం ఎక్కడా రాసివుండదు.

మూడోనాడు శనివారం. పిల్ల కొత్త వాక్యం రాసుకుని వచ్చింది. "ఐ యామ్ ఎ డెడికేటెడ్ నర్స్. ఐ యామ్ డెడికేటెడ్ టు కేరింగ్ ఫర్ మై పేషెంట్స్." తప్పు ఒక్కటి లేదు. ఎ వున్నది, ఇంగ్ వున్నది. నేను కలం మూసేశాను. కాని ఏదో వెలితిగా వున్నది.

చివరకు తెలిసింది. "నేను మహా త్యాగిని" అని తెలుగులో ఎవరైనా తన గురించి తాను రాసుకుంటారా? ఇంగ్లీషులో రాస్తే ఆ సిగ్గు మనకు తెలియదు. పరభాషలో బూతు తిట్టినా ఘాటు తెలియనట్టే ఇదీను. డెడికేటెడ్ అనేది పక్కవాడు మన గురించి అనవలసిన మాట. మనం చెప్పవలసింది ఏం చేశామో అది.

"ఆసుపత్రిలో నువ్వు చేసిన పని ఒకటి చెప్పు. తెలుగులోనే చెప్పు" అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. "ఏం చెప్పనండి, అందరూ చేసేదే నేనూ చేశానండి... ఒక పెద్దాయన వుండేవారండి. పక్షవాతం. కొడుకులు డబ్బు కట్టి వెళ్లిపోయారండి. అలాటివాళ్లకి రెండు గంటలకోసారి పక్క తిప్పాలండి, లేకపోతే ఒరుసుకుని పుండ్లు పడతాయండి. రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. అయిదు వారాలు వున్నారండి. నా డ్యూటీలో ఒక్కసారి కూడా తప్పలేదండి. ఇంటికి వెళ్లేరోజున వీపుమీద ఒక్క మచ్చ కూడా లేదండి."

"ఆయన ఏమన్నాడు?"

"మాట రాదు కదండి ఆయనకి."

మా ఆవిడ చిక్కుడుకాయల బుట్ట పక్కన పెట్టి లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది.

ఆ కథే ఇంగ్లీషులోకి మార్చాము. పెద్ద మాటలు లేవు. "ఐ టర్న్‌డ్ హిమ్ ఎవ్రీ టూ అవర్స్, ఎవ్రీ నైట్, ఫర్ ఫైవ్ వీక్స్. హీ వెంట్ హోమ్ వితౌట్ ఎ బెడ్‌సోర్." డెడికేటెడ్ అన్న మాట దరఖాస్తులో ఎక్కడా లేకుండా తీసేశాము. మూడురోజులపాటు ఆ మాట నేర్పి చివరికి దాన్నే తీసేయించిన మాస్టరు నేనే అయివుంటాను.

పూర్తిగా తీసేయలేదు లెండి. దరఖాస్తుతోపాటు ఎరిగిన పెద్దమనిషి రాసిన ఉత్తరం ఒకటి జతపరచాలన్నారు. అది నేనే రాశాను. అందులో, మూడో వాక్యంలో, ఆ మాట ఒకే ఒక్కసారి వాడాను, టు తోటి, దేనికో చెబుతూ. నేను పక్కవాణ్ణి గదా, నాకు హక్కున్నది.

సోమవారం ఇంటర్వ్యూ అయింది. బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"తాతగారండీ! డెడికేటెడ్ గురించి అసలు అడగనేలేదండీ! ఆ పెద్దాయన సంగతి చదివి, ఆయన్ని ఏ పక్కకి ఎలా తిప్పేదానివి, దిండు ఎక్కడ పెట్టేదానివి, అని అడిగారండి. అది నాకు తెలుసు కదండి, ఇంగ్లీషు అదే వచ్చేసిందండి."

"ఫలితం ఎప్పుడు చెబుతామన్నారు?"

"చెప్పేశారండి. కాగితం కూడా ఇచ్చారండి. ఒకటో తారీఖునుంచి రమ్మన్నారండి. కాని తాతగారండీ, కాగితంలో ఒకచోట మళ్లీ ఆ మాటే వుందండి. డెడికేటెడ్ బస్ ఫర్ నర్సింగ్ స్టాఫ్ అని. ఇది వంతెన డెడికేటెడ్డా అండీ, సీతమ్మగారి డెడికేటెడ్డా అండీ?"

"వంతెనదేనమ్మా. ఆ బస్సు నర్సులకి మాత్రమే."

"అయితే మా నాన్న హాస్టల్లో దింపడానికి వస్తే అందులో ఎక్కనివ్వరాండీ?"

"ఎక్కనివ్వరమ్మా."

"అలాగేనండి. ఆటోలో వెళతామండి."